అతిథియు, అద్దెయు

రాజమహేంద్రవరమున ఇన్నీసుపేటలో, గోదావరిగట్టునకు కొలది దూరమున మా యిల్లున్నది. మా తాతగారు కట్టించిన మండువాలోగిలి అది. వీథివైపున రెండరుగులు, లోపల నాలుగు గదులు, మేడమీద రెండు గదులు. 1991 వ సంవత్సరపు గోదావరీపుష్కరములనాటికి నాకు పదియేండ్లు. ఆ పండ్రెండు దినములును మా యింట బంధువులు, బంధువుల బంధువులు, ఎవరి బంధువులో యెరుగనివారును దిగిరి. ఎవరివద్దను కాసు పుచ్చుకొనుట లేదు. అయినను మా బామ్మ గుమ్మములో నిలుచుండి, కాళ్లకు నీళ్లిచ్చి, ప్రతివారిని నాలుగు ప్రశ్నలు అడుగుచుండెడిది: "ఏ ఊరు నాయనా? ఎవరి తాలూకు? ఎంతమంది వచ్చారు? మళ్లీ ప్రయాణం ఎప్పుడు?" ఆమెకు వ్రాయుట రాదు. కాని రాత్రి వీథితలుపు గడియ వేయుటకు ముందు చేతిదీపము పట్టుకొని అరుగులమీద పరున్నవారిని లెక్కించెడిది. ఒకరు తక్కువైనచో వారు వచ్చువరకు మేలుకొనియే యుండెడిది. ఆ నాలుగు ప్రశ్నల విలువ నాకు ముప్పదిమూడేండ్ల తరువాత గాని తెలియలేదు. ఎట్లు తెలిసినదో చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇందు నా తప్పు గలదు గనుక కొంత సంకోచముతోనే చెప్పుచున్నాను.

2003 వ సంవత్సరపు పుష్కరములనాటికి బామ్మ లేదు. మా తండ్రిగారు వచ్చినవారికి ధర చెప్పలేదు. కాని వారు వెళ్లునప్పుడు తాంబూలపు పళ్లెములో నుంచిన సొమ్మును వలదనలేదు. 2015 వ సంవత్సరమున జూలై 14 మొదలు 25 వరకు జరిగిన పుష్కరములకు గృహభారము నాది. నేను ధర చెప్పితిని. సొమ్ము ముందుగనే పుచ్చుకొంటిని. 2022 లో మేడమీది గదులను, చరవాణిద్వారా బసలు కుదిర్చెడి యొక సంస్థవారి పట్టికలో చేర్చితిని. పాపికొండల పడవప్రయాణమునకు వచ్చువారును, కార్తికస్నానమునకు వచ్చువారును, సాయంకాలము గోదావరీహారతి చూడ వచ్చువారును ఆ గదులలో ఒకటి రెండు రాత్రులు నిలిచి పోవుచుండిరి. ఈ విధముగా మూడు పుష్కరములలో మా సత్రము దుకాణమైనది. దుకాణము పెట్టుట తప్పు కాదు. దుకాణము నడపుచు సత్రమని చెప్పుకొంటిని, అది తప్పు.

సంస్కృతము చదివినవారికి అతిథిశబ్దపు వ్యుత్పత్తి తెలిసినదే. తిథినియమము లేక వచ్చువాడు అతిథి యని లోకమున చెప్పుదురు. నిలుకడగా నుండక ఒక్క రాత్రి మాత్రము నిలుచువాడు గనుక అతిథి యని మనుస్మృతి చెప్పుచున్నది. నా మేడమీదికి వచ్చువారికి తిథియే గాక గంటకూడ ఏర్పడి యుండెను. మధ్యాహ్నము 12 గంటలకు ప్రవేశము. మరునాడు 11 గంటలకు నిష్క్రమణము. ఆలస్యమైనచో అదనపు రుసుము. అయినను గదిగోడమీద, అతిథిని దేవునిగా భావింపుమను ఉపనిషద్వాక్యమును అందమైన అక్షరములతో వ్రాయించి, దానిక్రిందనే చరవాణితో సొమ్ము చెల్లించు క్యూఆర్ ముద్రను అంటించితిని. వచ్చినవారిలో ఒక్కరైనను నవ్వలేదు. నాకును నవ్వు రాలేదు.

నేను ఉపాధ్యాయుడను. ఎనిమిదవ తరగతి పిల్లలకు పౌరధర్మములు చెప్పుచు, పన్ను ఎగవేయువాడు పొరుగువాని జేబు కొట్టువాడని చాల ఆవేశముతో బోధించియున్నాను. మరి నా సంగతి? నాకు మూడు సాకులు ఉండెను. మొదటిది: ఇల్లు అమ్మ పేర నున్నది. ప్రభుత్వోద్యోగి వ్యాపారము చేయవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనని 1964 నాటి ప్రవర్తననియమావళి చెప్పుచున్నది. "ఇది అమ్మ వ్యవహారము, నాది కాదు" అని సరిపెట్టుకొంటిని. సొమ్ము మాత్రము నా ఖాతాలో పడుచుండెను; ఆదాయపు పన్ను పత్రములో నా పేరను చూపలేదు, అమ్మ పేరను చూపలేదు. రెండవది: బస కుదిర్చెడి సంస్థ వచ్చినవారివద్ద జీఎస్టీ వసూలు చేయుచున్నది, కావున సర్కారు ఋణము తీరినది. మూడవది: ఇది హోటలు కాదు, ఇల్లు, పట్టీలు, పరిశీలనలు, అనుమతులు హోటళ్లవారికి గాని గృహస్థులకు లేవు. ఈ మూడింటిలో దేనినైనను నా విద్యార్థి యొకడు పరీక్షలో వ్రాసినచో సున్న వేసియుందును.

ఇంకొక మాట దాచరాదు. 2022 కు పూర్వము మేడమీద ఒక చిరుద్యోగి భార్యతోను, చంటిబిడ్డతోను ఐదేండ్లు కాపురముండెను. నెలకు 6,000 రూపాయల అద్దె, ఒక్క దినమైనను ఆలస్యము కాకుండ ఇచ్చెడివాడు. దినమునకు 1,500 రాగలదని తెలిసిన మాసముననే వానిని ఖాళీ చేయుమంటిని. వాడు మారు పలుకలేదు. ఆ సమీపమున అంత అద్దెకు ఇల్లు దొరకక, ఊరి చివరకు పోయినాడని తరువాత వింటిని. దాని నప్పుడు లెక్కల వ్యవహారముగానే తలచితిని.

2024 వ సంవత్సరపు కార్తికమాసమున ఒక శనివారము రాత్రి ఒక కుటుంబము దిగినది. బస కుదుర్చుకొన్నవాడు హైదరాబాదులోనున్న మేనల్లుడు, వాడు రాలేదు. నలుగురని పట్టికలో నున్నది, వచ్చినవారు తొమ్మండుగురు. నేను గుమ్మములో నిలుచుండి చూచితిని గాని ఎవరిని ఏమియు అడుగలేదు. "అదనముగా పరుపులు కావలెనా?" అని మాత్రము అడిగితిని, పరుపునకు 200 రూపాయలు. తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు తట్టిరి. వారితో వచ్చిన వృద్ధుడొకడు కనబడుట లేదు. మతిమరపు గలవాడట. చెంత చరవాణి లేదు. వారిలో మగవారు గోదావరిగట్టువెంట పరుగెత్తిరి. ఆడువారు మండువాలో కూర్చుండి ఏడ్వసాగిరి. నేను ఠాణాకు పోయితిని.

అక్కడి ఉద్యోగి నన్నెరిగినవాడు, కుర్చీ చూపి, కాగితము తీసి అడిగినాడు: "మాస్టారూ, ఆయన పేరేమిటండీ?" నాకు తెలియదు. "ఏ ఊరండీ?" తెలియదు. "మొత్తం ఎంతమంది వచ్చారు?" తొమ్మండుగురని తోచుచున్నది. "మీ పుస్తకంలో చూసి చెప్పండి." పుస్తకము లేదు. అతడు ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. కలము మూతపెట్టి నావైపు చూచినాడు. ఇరువది యేండ్లుగా ప్రతి ఉదయమును నలువదిమంది పిల్లల పేర్లు చదివి, ఒకడు పలుకకున్నచో వాని యింటికి కబురు పంపెడివాడను నేను. నా యింట నిద్రించిన మనుష్యునికి హాజరుపట్టీ లేదు.

మధ్యాహ్నమునకు ఆ వృద్ధుడు కోటిలింగాలరేవు మెట్లమీద, తడిబట్టలతో, ఎవరో పెట్టిన పులిహోర తినుచు దొరకినాడు. భగవంతుడు రక్షించినాడని వారు కొబ్బరికాయ కొట్టిరి. నాకు ఆ యూరట కలుగలేదు. ఆయన దొరకకుండిన యెడల నేనేమి చెప్పియుందును?

ఆ సాయంకాలము పొరుగింటి పిన్నిగారు పిలిచినారు. ఆమె డెబ్బదియేండ్ల వితంతువు. మా యింటికిని వారి యింటికిని మధ్య ఒక్క మురుగుకాలువయే హద్దు. "నాయనా, మీ మేడమీద ఏ రాత్రి ఎంతమంది పడుకుంటున్నారో నీకు తెలియదు కదూ? నాకు తెలుసు. కాలవ చెబుతుంది" అన్నారు. నేను పలుకలేదు. "నువ్వూ ఇల్లనే పన్ను కడుతున్నావు, నేనూ ఇల్లనే కడుతున్నాను. మా యింట్లో ఒక్కదాన్ని. మీ యింట్లో నెలకి వందమంది. ఆ కాలవ తియ్యడానికి వచ్చే మనిషికి జీతం ఎవరిస్తున్నారు? సగం నేనిస్తున్నానా లేదా?" ఆమె అర్థశాస్త్రము చదువలేదు, కాని పన్నుతత్త్వము నింతకన్న స్పష్టముగా నేను ఏ గ్రంథమునను చదువలేదు.

అర్థశాస్త్రమన్నచో కౌటిల్యుడు స్మరణకు వచ్చును. 1909 లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన ఆ గ్రంథమును కళాశాలలో చదివితిని. నగరాధికారిని గూర్చిన ప్రకరణమును ఆ రాత్రి మరల తీసి చూచితిని. పది, యిరువది, లేక నలువది కుటుంబములకు గోపుడను ఉద్యోగి యొకడు. వారి పేర్లు, వృత్తులు, ఆయవ్యయములు వాడెరిగి యుండవలెను. ధర్మసత్రములవారు బాటసారులను అధికారికి తెలిపిన పిమ్మటనే దింపుకొనవలెను. గృహస్థుడు తన యింటికి వచ్చినవారిని, పోయినవారిని తెలుపవలెను. తెలుపనిచో ఆ రాత్రి జరిగిన దోషమునకు తానును బాధ్యుడు. ఏ దోషమును జరుగని రాత్రియైనను మూడు పణముల దండుగ చెల్లింపవలెను. వృద్ధుడు దొరకినాడు గదా, ఇక నా తప్పేమి యని నా మనస్సులో నొక మూల గొణుగుచున్న వాదమునకు ఆ మూడు పణములే సమాధానము. క్షేమముగా తెల్లవారినను, తెలుపకపోవుట తెలుపకపోవుటయే.

కౌటిల్యుడు భద్రతను చూచినాడు. ఆరోగ్యమును చూచిన శాసనమొకటి మన పొరుగుననే గలదు. పూరీ జగన్నాథమునకు మన తెలుగుదేశమునుండి పోవు యాత్రికులు ఎప్పుడును పెక్కురు. అక్కడ గృహస్థులు, పండాలు తమ యిండ్లలో యాత్రికులను క్రిక్కిరియ దింపుచుండుటయు, రథయాత్రాకాలమున కలరా చెలరేగుటయు పందొమ్మిదవ శతాబ్దమున అందరెరిగినదే. 1871 లో బెంగాలు ప్రభుత్వము పూరీ బసయిండ్లకు ప్రత్యేకశాసనము చేసినది. యాత్రికులను అద్దెకు దింపుకొను ఇంటికి లైసెన్సు ఉండవలెను, ఆ యింట ఎందరు నిద్రింపవచ్చునో ఆరోగ్యాధికారి చూచి నిర్ణయింపవలెను, మించినచో జుల్మానా. లైసెన్సు రుసుము ప్రత్యేకనిధిగా చేరి, ఆ యాత్రాస్థలమున పారిశుద్ధ్యమునకును వైద్యమునకును వినియోగింపబడెను. పరప్రభుత్వము చేసినదైనను అందలి న్యాయము మా పిన్నిగారి న్యాయమే: ఎవరివలన భారము కలుగునో వారివద్ద పుచ్చుకొని, భారము పడినచోటనే వ్యయపరుపవలెను.

మూడవ న్యాయమొకటి మన కాలమున పుట్టినది. అది నివాసన్యాయము. దినపు టద్దె నెలయద్దెను మ్రింగుచుండగా ఊరివారికి ఊరిలో ఇల్లు లేకపోవుటను ప్రపంచమున పెద్దనగరములు చూచుచున్నవి. న్యూయార్కు నగరమున 2023 సెప్టెంబరునుండి, ముప్పది దినములకు తక్కువగా ఇల్లు బస కిచ్చువాడు నగరాధికారులవద్ద నమోదు చేసికొని, తానును ఆ యింటనే యుండవలెను. ఇద్దరికి మించి దింపుకొనరాదు. జపానులో 2018 లో అమలునకు వచ్చిన చట్టము ప్రకారము ఇంటిని ఏడాదికి 180 రాత్రులకు మించి బస కీయరాదు. ఆమ్స్టర్‌డామున సొంత యిల్లంతయు బస కిచ్చుటకు ఏడాదికి 30 రాత్రులు హద్దు. అదిగాక 2024 నుండి బసధరలో నూటికి పన్నెండున్నర వంతు నగరమునకు పన్ను. బార్సిలోనా నగరపాలకులు తమ నగరమునందలి పదివేలకు పైబడిన యాత్రికనివాసముల అనుమతులను 2028 నవంబరు తరువాత పొడిగింపబోమని 2024 లో ప్రకటించిరి. ఆ నగరముల సంగతి చదువుచుండగా నాకు బార్సిలోనా కనబడలేదు. చంటిబిడ్డ నెత్తుకొని మా మేడమెట్లు దిగుచున్న ఆ చిరుద్యోగి భార్య కనబడినది.

ఇక మన దేశపు విధుల సంగతి. కేంద్ర పర్యాటకశాఖ గృహస్థుల బసలకు ఒక పథకము నేర్పరచినది. అందు గదులు ఒకటి మొదలు ఆరు వరకే, పడకలు పండ్రెండు వరకే. యజమాని కుటుంబముతో ఆ యింటనే నివసించుచుండవలెను. విదేశీయుడు దిగినచో 24 గంటలలోపల అధికారులకు తెలుపవలెను. ఈ నియమము హోటలునకును గృహస్థునకును సమానము. ఇక జీఎస్టీ. 2022 జూలై 18 వరకు దినమునకు 1,000 రూపాయలకు మించని గదికి ఆ పన్ను లేదు. తరువాత నూటికి 12 వంతున విధించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి 7,500 వరకు గల గదికి నూటికి 5, అంతకు మించినదానికి 18. ఏటి రాబడి 20 లక్షలకు మించని గృహస్థుడు తాను నమోదు చేసికొననక్కరలేదు. అట్టివాని పక్షమున బస కుదిర్చెడి సంస్థయే వసూలు చేసి చెల్లించును.

నా రెండవ సాకు ఎంత పొల్లో ఇప్పుడు తేటపడినది. ఆ పన్ను కేంద్రమునకును రాష్ట్రమునకును పోవును. మా వీథికాలువ తీయు మనిషికి జీతమిచ్చునది నగరపాలకసంస్థ. దానికి చేరునది ఇంటిపన్ను. 2021 నుండి ఆంధ్రప్రదేశ పట్టణములలో ఆ పన్ను ఆస్తి విలువనుబట్టి నిర్ణయింపబడుచున్నది. నివాసమునకు ఒక రేటు, ఇతరవినియోగమునకు వేరొక రేటు. యజమాని నివసించెడి చిన్నబసలకు నివాసపు రేట్లనే యుంచిన రాష్ట్రములును గలవు. నా బస యే వర్గమునకు చెందునో నేను పోయి అడుగవలసి యుండెను. అడుగలేదు, అడిగినచో ఎక్కువ యగునేమో యని అడుగలేదు. దూరముననున్న ప్రభుత్వమునకు చేరు పన్నును యంత్రము దానంతట చెల్లించుచుండగా, గోడ కవతల నున్న పొరుగామె భారమును తీర్చు పన్నును నేను చేతులార తప్పించుకొంటిని.

చదువరులలో కొందరు ఇట్లనవచ్చును: "ఒక్క గది అద్దె కిచ్చుకొని బ్రతుకు వితంతువునకు కూడ ఇన్ని కచేరీల గడపలు తొక్కు శిక్ష యేల? లైసెన్సు అనునది లంచమునకు మారుపేరు కాదా?" ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. నియమము చిక్కుపడినచో నిజాయితీపరుడు అలసిపోవును. కపటి దారి కనుగొనును. కావున నా కోరిక నియమములు పెంపుడని కాదు, పొందుపరుపుడని. పురపాలకులవద్ద ఒక్కచోట ఒక్క పత్రముతో నమోదు జరుగవలెను. తానుండు ఇంట ఒకటి రెండు గదు లిచ్చువారికి రుసుము నామమాత్రము చేసి, తానుండని యిండ్లను పదింటిని కొని దినపు టద్దెకు త్రిప్పువానివద్ద పూర్తిగా పుచ్చుకొనవలెను. ఆ సొమ్ము ఆ వీథి పారిశుద్ధ్యమునకే చెందవలెను. లెక్క వీథివారికి కనబడవలెను. ఎందరికి చోటున్నదో ఆ సంఖ్య గుమ్మముమీద వ్రాసి యుండవలెను. పొరుగువారి ఫిర్యాదును వినుట కొకరుండవలెను. ఇందు ఒక్కటియు అసాధ్యము కాదు.

చట్టము వచ్చినప్పుడు చూతమని కూర్చుండుట ఉపాధ్యాయునికి తగదని తోచి, నేను చేయగలిగినది చేసితిని. సంస్థవారి పట్టికనుండి గదులను తీసివేసితిని. గడచిన సంవత్సరముల రాబడిని లెక్కకట్టి, పన్ను వ్యవహార మెరిగినవానియొద్దకు పోయి, అపరాధరుసుముతో చెల్లించితిని. అది నా రెండు నెలల జీతమునకు కొంచెము మించినది. నగరపాలకసంస్థకు ఇంటివినియోగమును తెలుపుచు పత్రమిచ్చితిని. పై అధికారులకు అనుమతి కోరుచు వ్రాసితిని. వ్రాయునప్పుడు చేయి వణకినది. మేడమీది గదులలో ఒకదానిని మరల నెలయద్దెకు ఇచ్చితిని. వెనుకటి చిరుద్యోగికి కబురు పంపితిని గాని, ఆయన బిడ్డ ఊరి చివరి బడిలో చేరినది, ఇక రామని మర్యాదగా చెప్పి పంపినాడు. తప్పు దిద్దుకొన్నంతమాత్రమున పోయినదంతయు తిరిగి రాదు.

మిగిలిన యొక్క గదికి, అనుమతి వచ్చిన పిమ్మట, మరల బసకు వచ్చువారిని దింపవలెనని యున్నది. 2027 లో పుష్కరములు రానున్నవి. అమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె, "ఇంతకీ ఆ పుస్తకంలో ఏమేం రాయాలి రా?" అని యడిగినది. గీతలు గీసి సిద్ధము చేసికొన్న పట్టీ తెచ్చి చదివితిని: పేరు, ఊరు, వచ్చినవారెందరు, తిరుగుప్రయాణపు తేది. ఆమె కొంతసేపూరకుండి, "మా అత్తగారు గుమ్మంలో నిలబడి అడిగేవి ఇవే కదా" అన్నది.

గోడమీది ఉపనిషద్వాక్యమును తుడిపించితిని. ఆ చోట నిప్పుడు గదికి ముగ్గురని వ్రాసియున్నది. వీథియరుగులు రెండును ధర లేకయే యున్నవి. పుష్కరములనాడు ఎవరైనను పరుండవచ్చును. రాత్రి గడియ వేయుటకు ముందు వారిని నేను లెక్కింతును.